కూటి లెక్క

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు చరిత్రాంశముపై నొక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజుల యుద్ధములను గూర్చి వ్రాయుటకు నాకంటె సమర్థులు మన గ్రామమున పలువురు కలరు. నేను లెక్కలు వ్రాయువాడను. మా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణముగా నుండిరి. 1984వ సంవత్సరమున వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దయినపుడు దస్త్రములు మా యింటిని విడిచిపోయినవి గాని, లెక్క వ్రాయు అలవాటు మమ్ము విడువలేదు. నేను సహకార సంఘమున చిట్టా ఆవర్జాలు వ్రాయుచు కాలము గడుపుచున్నాను. బడిచదువు స్వల్పము. కావ్యములతోడి పరిచయమంతయు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కలిగినదే. కావున నాకు తెలిసిన వృత్తికిని, నేను చదివిన పుస్తకములకును నడుమ నున్న విషయము నొకదానిని ఎన్నుకొంటిని. అది కూటి లెక్క. ధరలు పెరిగినపుడు కొలది రాబడిగల సంసారము ఏమి తిని ఆరోగ్యముగా బ్రతుకగలదు అను ప్రశ్న నేడు పుట్టినది కాదు. దానికి చరిత్ర కలదు. ఆ చరిత్రలో నా యింటి పాలు కూడ కొంత కలదు.

ప్రాచీన కావ్యములలో భోజనవర్ణనలకు కొదువ లేదు గాని, భోజనమునకు వెల చెప్పిన కవులు అరుదు. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామము అట్టి అరుదైన గ్రంథములలో నొకటి. ఓరుగంటి వీథులలో విహరించు ఇరువురు మిత్రుల ముచ్చట అది. అందొక పూటకూటి యింట ఒక్క రూకకు ఏమేమి లభించునో కవి వరుసగా లెక్కపెట్టినాడు. మేలైన వరియన్నము, గోధుమపిండి వంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజులు, పెరుగు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు ఇట్టి కావ్యములనే ఆధారముగా గొని మన పూర్వుల తిండితీరులను వెలికిదీసిరి. తెలుగున కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము మొదట పొందిన గ్రంథము అదియే. లెక్కలవాని కన్నుతో ఆ రూక భోజనమును చూచినచో ఒక విశేషము కనబడును. అచట అన్నము ఒంటరిగా లేదు. పప్పు, పెరుగు, పండు, నేయి దానికి తోడుగా నున్నవి. అది చేత పైకము గల బాటసారి భోజనము.

దానికి ఎదురుగా శ్రీనాథుని పేర లోకమున వ్యాపించిన పలనాటి చాటువులను నిలుపవచ్చును. రాజాస్థానములలో సన్నబియ్యమునకు అలవడిన ఆ మహాకవి పలనాటి జొన్నకూటిని చూచి ముఖము చిట్లించెను. మనము ఆ చాటువులను చదివి నవ్వుకొందుము. కాని ఆ నవ్వులో నొక తూనిక దాగియున్నది. వరి దొరల తిండి, జొన్న బీదల తిండి అనునదే ఆ తూనిక. అది నాలుకమీద పుట్టినది గాని, దేహమునకు దేని విలువ యెంత యని విచారించి పుట్టినది కాదు. అయినను ఆ తూనికయే శతాబ్దముల పర్యంతము మన పెండ్లి పంక్తులలోను, పండుగ విస్తళ్ళలోను నిలిచినది.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుని యింటి అతిథిపూజ మఱియొక విధమైనది. ఋతువు మాఱినకొలది ఆ యింటి వంటకములు మాఱును. వానకాలమున వరుగులును వడియములును విస్తరిలో కనబడును. ఎండకాలమున చవుకగా దొరకిన కాయలను తఱిగి యెండబెట్టి దాచుకొనుట, దొరకని దినములలో వానిని వండుకొనుట మన పల్లెల తల్లులు నేటికిని ఎఱిగిన విద్యయే. చక్రవర్తి కావ్యమున చోటుచేసికొన్నను ఆ పొదుపు సామాన్య గృహిణిది.

ఇట్లు కావ్యములందు బాటసారి భోజనమునకు వెల కలదు; అతిథి భోజనమునకు వరుస కలదు. ఒళ్ళు వంచి పనిచేయు కూలివాడు దినమునకు ఎంత తినవలెను, ఏమి తినవలెను అను లెక్క మాత్రము నాకు వానిలో కనబడలేదు. ఆ లెక్కను ప్రభుత్వమే కట్టవలసిన దినము 1877వ సంవత్సరమున మన సీమలో వచ్చినది.

1876లో వానలు ముఖము చాటువేసెను. అది ధాతనామ సంవత్సరము గనుక మన పెద్దలు దానిని ధాత కఱవు అనిరి. మద్రాసు రాజధానిలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి నలిగినవి. గింజల ధర కూలివానికి అందనంత యెత్తునకు పోయెను. ధాన్యము రైలుబండ్లమీద వచ్చుచునే యుండెను. కొనుటకు చేత కాసు లేకుండెను. కఱవనగా గింజలు లేకుండుట మాత్రమే కాదు, ఉన్న గింజలను కొనలేకుండుటయు కఱవే యని ఆ యేడు తెలియజెప్పినది. ప్రభుత్వము బాటలు వేయించి, కాలువలు త్రవ్వించి కూలి యిచ్చెను. మద్రాసు దగ్గఱి బకింగుహాము కాలువలో కొంత భాగము 1877–78లో ఆ కఱవుపనిగానే త్రవ్వబడినది. ఆనాటి గవర్నరగు బకింగుహాము డ్యూకు పేరు దానికి నిలిచినది గాని, త్రవ్వినవారి పేర్లు ఏ రాతిమీదను లేవు.

1877 జనవరిలో వైస్రాయి లిట్టను ప్రభువు సర్ రిచర్డు టెంపుల్ అను అధికారిని కఱవు పరిశీలనకై దక్షిణమునకు పంపెను. ఈ టెంపుల్ కఠినాత్ముడని మాత్రము చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. 1874లో బీహారు ప్రాంతపు కఱవునందు బర్మా బియ్యమును విరివిగా తెప్పించి జనులను కాపాడినవాడు ఇతడే. ప్రాణములు దక్కినవి, కాని ప్రభుత్వ ధనమును వెదజల్లెనని అతనికి నింద వచ్చినది. మూడేండ్ల తరువాత మద్రాసునకు వచ్చునప్పటికి అతడు పొదుపే పరమార్థముగా వచ్చెను. కఱవుపనిలోని మగకూలికి దినమునకు ఒక పౌను గింజలును, కొలది పైకమును చాలునని నిర్ణయించెను. అంతకుముందు ఇచ్చుచుండిన దానికంటె అది తక్కువ. పౌననగా నేటి తూనికలో 454 గ్రాములు. పప్పు, ఉప్పు, మిరపకాయ, కట్టెలు అన్నియు ఆ కొలది పైకముతోనే తెచ్చుకొనవలెను.

మద్రాసు రాజధానిలో పారిశుధ్య కమీషనరుగా నుండిన డాక్టరు కార్నిష్ దీనిని ఎదిరించెను. మట్టి త్రవ్వి మోయువానికి ఈ తిండి చాలదనియు, గింజతోపాటు పప్పును కూరయు నుండవలెననియు, చెఱసాలలోని ఖైదీలకు పెట్టు తిండితో పోల్చినను ఇది తక్కువయనియు అతడు వాదించెను. ఇరువురి వాదప్రతివాదములు ఆ యేడే అచ్చులో కెక్కినవి. ఒకరు ఖజానా లెక్క చూపిరి. ఒకరు శిబిరములలోని చావుల లెక్క చూపిరి. తుదకు మద్రాసు ప్రభుత్వము కూలిని మరల పెంపక తప్పలేదు. ఆ కఱవులో బ్రిటిషు పాలిత ప్రాంతములయందే 50 లక్షలకు పైబడి జనులు మరణించిరని చరిత్రకారుల అంచనా. 1880లో కఱవు కమీషను నివేదిక, దాని వెనుక కఱవు నిబంధనలు వచ్చినవి.

నేటి శాస్త్రముతో ఆ పౌను గింజలను తూచి చూతము. అవి యిచ్చు శక్తి సుమారు 1,600 కేలరీలు. మట్టిపని వంటి బరువుపని చేయు మగవానికి 3,000 కేలరీలకు మించి కావలెను. సగము కొలతకే కొఱత పడినది. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. టెంపుల్ కూడికలో తప్పు చేయలేదు. అతని పట్టికలో గింజలకు వరుస యున్నది, సొమ్మునకు వరుస యున్నది. పప్పునకు, కూరకు, తినువాని కష్టమునకు వరుసలే లేవు. వరుస లేని దానికి మొత్తము ఎట్లు వచ్చును?

ఈ కథ చదివిన కొత్తలో నేను టెంపుల్ దొరను మనసార తిట్టుకొంటిని. ఆ పిమ్మట అదే లెక్కను నా యింట నేనే వేసితినని తెలిసినది. 2015లో కందిపప్పు ధర చుక్కల నంటెను. ఆ యేడు అక్టోబరు నాటికి పెక్కు నగరములలో కిలో 200 రూపాయల ప్రాంతమునకు చేరినది. మా యింట ఐదుగురము, రాబడి పెరుగలేదు. నేను ఇంటిచిట్టా విప్పి పప్పు సగము చేసితిని. పాలు తగ్గించితిని. ఆకుకూరలామె గంప మా గడపలో దించు దినములను కూడ తగ్గించితిని. బియ్యము చవుకడిపో నుండి వచ్చుచుండెను గనుక దానికి లోటు లేదు. అందఱి కడుపులును నిండుచునే యుండెను. నెల ముగిసినప్పుడు చిట్టాలో మిగులు కనబడగా దానిని ఇంటివారికి చదివి వినిపించితిని కూడ.

కొన్ని నెలలు గడచునప్పటికి నా సహధర్మచారిణి బోరింగు నుండి బిందె తెచ్చి గడపలోనే చతికిలబడుట మొదలిడెను. మెట్లెక్కిన ఆయాసము, కన్నుల క్రింద తెలుపు. పట్టణమునకు గొనిపోయి వైద్యునికి చూపితిని. రక్తము మిక్కిలి తక్కువగా నున్నదని ఆయన చెప్పి, “ఏమి తినుచున్నావమ్మా?” అని అడిగెను. “అందఱు తినునదేనండీ” అని ఆమె బదులు చెప్పెను. అది నిజము కాదు. అందఱి వడ్డన ముగిసిన పిదప ఆమె కంచములో పడునది అన్నమును, పప్పుగిన్నె అడుగున మిగిలిన తేటయు, పలుచని మజ్జిగయు. పప్పు సగమైనపుడు ఆ సగము మా నలుగురికి సరిపోయినది. ఆమెకు తేట మిగిలినది. ఇరువదియేండ్లు ఒకే కప్పుక్రింద నుండియు నేను దానిని చూడలేదు. చూచుటకు నా చిట్టాలో వరుస లేదు. మందులకైన ఖర్చు నేను మిగిల్చిన సొమ్మును మించిపోయినది. ఆ మిగులు మిగులు కాదు. ఆమె దేహముమీద నేను తెచ్చిన అప్పు. దైవకృపవలన ఆమె కోలుకొన్నది. ఈ సంగతి వ్రాయుటకు ఆమె అనుమతి తీసికొనియే వ్రాయుచున్నాను.

కడుపు నిండుట వేఱు, దేహము పోషింపబడుట వేఱు. ఈ భేదమును శాస్త్రము తెలిసికొన్న చరిత్ర కూడ చవుక తిండితోను, కొంత మన తెలుగుదేశముతోను ముడిపడియున్నది. అప్పటినుండి నేను దానినే వెదకి చదివితిని.

1890 ప్రాంతమున జావా ద్వీపములో ఐక్మన్ అను డచ్చి వైద్యుడు పరిశోధన కొఱకు కోళ్ళను పెంచుచుండెను. వైద్యశాలలో మిగిలిన తెల్లబియ్యపు అన్నము పెట్టినంతకాలము వాని కాళ్ళు పడిపోవుచుండెను. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నమును కోళ్ళకు పెట్టనని నిరాకరించెను. తెలుపు చేయని ముతకబియ్యము తిన్న కోళ్ళు కోలుకొనెను. మరలో పోయిన పైపొరయందు ప్రాణాధారమైన వస్తువొకటి కలదని ఆ మార్గమున తేలినది. దానిని నేడు బి1 విటమిను అందురు. ఐక్మన్‌కు 1929లో నోబెలు బహుమానము లభించినది. మనుష్యులలో ఆ లోపమువలన కలుగు వ్యాధియే బెరిబెరి.

ఆ బెరిబెరి మన ఉత్తర సర్కారు జిల్లాలలో కనబడుచుండిన వ్యాధి. దాని వెనుక నున్న కథ విచిత్రమైనది. 1832–33 నందన కఱవులో గుంటూరు మండలము శ్మశానమైనది. ఆ వెనుక గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికిని, కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855 నాటికిని పూర్తియైనవి. డెల్టాలు వరిసముద్రములైనవి. కఱవు తొలగినది. పిమ్మట మరలు వచ్చినవి. రోకటి దంపుడు బియ్యపు స్థానమున మల్లెపూవు వంటి తెల్లబియ్యము వచ్చినది. తవుడు గొడ్లకు పోయినది. తెల్లనిది మేలైనదను శ్రీనాథుని నాటి తూనిక ఇచట పనిచేసినది. గృహస్థు ఎక్కువ పైకమిచ్చి తక్కువ పోషణ కొని తెచ్చుకొనెను. 1918లో నీలగిరులలోని కూనూరున మెకారిసన్ అను వైద్యుడు ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన ఆరంభించెను. అదియే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. వడ్లను ఉడికించి యెండబెట్టి దంచినచో ఆ విటమిను గింజలోనికి దిగి చాలవఱకు నిలుచునని కూడ తేలినది. ఉప్పుడు బియ్యము తినువారిని చూచి నవ్వినవారే నష్టపోయిరి. గాంధీమహాత్ముడు 1934లో స్థాపించిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడు బియ్యమును ప్రచారము చేయుటకు ఇదియు నొక కారణము.

రక్తహీనత కథ ఇంకను దగ్గఱిది. 1928 తరువాత బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు నూలుమిల్లులలో పనిచేయు బీద గర్భిణుల రక్తహీనతను పరిశీలించెను. చవుకగా దొరకు ఈస్టు సారము పెట్టినచో వారు కోలుకొనుచున్నారని ఆమె 1931లో ప్రకటించెను. అందలి గుణమేమో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక ఆకుకూర నుండి అట్టి పదార్థమును వేఱుచేసి, ‘ఆకు’ అను అర్థముగల లాటిను మాటనుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకత్వము వహించినవారు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అను పేగులవ్యాధికి సోదరులను కోల్పోయిన వారాయన. నా యింటికి వైద్యుడు వ్రాసియిచ్చిన మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఆ పేరులో ‘ఆకు’ అను మాట కలదని నేను తెలిసికొన్నది ఈ గ్రంథాలయముననే. నేను చిట్టాలో కొట్టివేసినది ఆకుకూరలామె గంపను.

నా వంటివారు ఏల ఇట్లు చేయుదురు? ఎంగెల్ అను జర్మను గణాంకవేత్త 1857లోనే సంసారముల ఖర్చులను పరిశీలించి, బీదతనము పెరిగినకొలది రాబడిలో తిండికి పోవు పాలు పెరుగునని తేల్చెను. అట్టి యింట ధర పెరిగినపుడు తగ్గించుటకు వేఱొకటి మిగులదు, తిండినే తగ్గింపవలెను. అందును కడుపు నింపు అన్నమును ఎవరును తగ్గింపరు. పప్పు, పాలు, కూర, పండు ముందుగా పోవును. వడ్డించు ఆడుది తన వంతును అందఱికంటె ముందుగా తగ్గించుకొనును. ఇది ఎవరి దుర్బుద్ధియు కాదు. కాని తప్పు ఏ వరుసలో జరుగుచున్నదో తెలిసికొనుట మన పని.

ప్రభుత్వములు చేసిన మేలును మఱవరాదు. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చినపుడు నేను బాలుడను. బియ్యపు సంచి భుజమున పెట్టుకొని వచ్చువారి ముఖములు నాకు జ్ఞాపకమున్నవి. ఏటికొక పండుగకు వరియన్నము తిన్న ఇండ్లలో నిత్యము పొయ్యిమీద ఎసరు మరగినది. 2013లో జాతీయ ఆహారభద్రతా చట్టము వచ్చి, సాధారణ కార్డుదారులలో తలకు నెలకు 5 కిలోల గింజలను హక్కుగా చేసినది. ఆకలిని తరిమిన ఈ సంచిని నిందించుటకు నాకు నోరు రాదు. అయినను అదియు కడుపు లెక్కయే. చవుక బియ్యము ఇల్లు చేరినకొలది మన సీమ మెట్టచేలలో జొన్న, కొఱ్ఱ, సజ్జ, రాగి వెనుకబడినవి. తెలంగాణమున జహీరాబాదు ప్రాంతపు దళిత స్త్రీలు 1990లలో డెక్కను డెవలప్‌మెంటు సొసైటీ తోడ్పాటున బీడుభూములలో జొన్నలు పండించి, వానినే తమ గ్రామములలో చవుకధరకు పంచుకొను ఏర్పాటు చేసికొనిరి. మార్గము లేకపోలేదని వారు చూపిరి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. నాడు బీదల తిండియని నవ్విన కొఱ్ఱలు నేడు పట్టణపు అంగళ్ళలో సన్నబియ్యము కంటె ఎక్కువ ధర పలుకుచున్నవి. దొరల నాలుక మాఱినది. బీదవాని విస్తరి మరల వెనుకబడినది.

హైదరాబాదులోని ఆ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములలో, దినమునకు 2,000 కేలరీలు కావలసిన మనుష్యునికి ధాన్యము 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, వానితోపాటు పాలు, పండ్లు, గింజలు చెప్పబడినవి. టెంపుల్ పౌనును దాని ప్రక్కన పెట్టి చూడుడు. అచట ధాన్యము 454 గ్రాములు, తక్కిన వన్నియు ఆ కొలది పైకము. ఇచట ధాన్యము తక్కిన వానిలో నొకటి. నేటికిని పెక్కు ఇండ్ల విస్తరి, నా 2015 నాటి విస్తరితో సహా, ఈ రెండవ పట్టిక కంటె మొదటి దానికే దగ్గఱగా నున్నది.

ఐతే చేయవలసిన దేమి? నేను వైద్యుడను కాను. మా యింట చేసి చూచినదానినే మనవి చేయుదును. పప్పును తగ్గింపవలసివచ్చినపుడు మానివేయక మాఱ్చితిమి. కంది ప్రియమైనపుడు పెసలు, ఉలవలు, అలసందలు, శనగలలో ఆ వారము ఏది చవుకయో అది తెచ్చితిమి. అన్నమునకు కొఱతైన పోషకము పప్పులోను, పప్పునకు కొఱతైనది అన్నములోను ఉండుటచే రెండును కలిసిననే పూర్తియగును. వారమునకు మూడుపూటలు రాగిసంకటి మరల మొదలిడితిమి. నూఱు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. అంతే తెల్లబియ్యములో పది మిల్లీగ్రాముల ప్రాంతము. పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదను సామెతకు విరుద్ధముగా మునగచెట్టే మాకు వైద్యమైనది. దాని ఆకు, తోటకూర, గోంగూర కాసు లేకయే లభించును. బ్రతికియున్న బలుసాకు తినవచ్చునని పెద్దలు నిరుపేదతనమును గూర్చి అనిన మాటలో ఆకు విలువయు దాగియున్నదేమో! ఆకుకూరపై నిమ్మరసము పిండుకొన్నచో అందలి ఇనుము ఒంటబట్టును. భోజనముతో తేనీరు త్రాగినచో ఆ ఇనుము కొంత వ్యర్థమగును. బియ్యము పలుమాఱులు కడుగుట, గంజి వార్చి పాఱబోయుట మానితిమి. అన్నిటికంటె ముఖ్యముగా, అందఱము ఒక్కసారి కూర్చుండి తినుచున్నాము. పప్పుగిన్నె ముందుగా ఐదు వంతులగును.

కాని ఈ మాటలు చెప్పి గృహిణి నేర్పుమీద భారమంతయు పెట్టుట మఱియొక టెంపుల్ లెక్క కాగలదు. కార్నిష్ వాదము తక్కువ కూలితో నేర్పుగా వండుకొనుమని కాదు, కూలి చాలదని. మునగాకు పాలకు బదులు కాదు, చిన్నబిడ్డలకు పాలు, గ్రుడ్డు కావలెను. ధర పెరిగినపుడు కూలి పెరుగవలెను. చవుకడిపోలో బియ్యముతోపాటు పప్పును, మన సీమ గింజలును ఎల్లపుడు దొరకవలెను. ఇంటి నేర్పు, ఊరి న్యాయము రెండును కలిసిననే ఆవర్జా సరిపోవును.

నా ఇంటిచిట్టాలో ఇప్పుడు సొమ్ము వరుస ప్రక్కన మఱియొక వరుస గీసితిని. ఎవరెవరు ఏమి తినిరి అని దానిలో వ్రాయుదును. మొదట ఇంటివారు నవ్విరి. కొన్ని నెలలకు ఆ వరుసను నా సహధర్మచారిణియే వ్రాయుట మొదలిడినది. మన గ్రంథాలయపు బీరువాలో సాంఘిక చరిత్రల ప్రక్కన ఆహారపు విలువలను తెలుపు పుస్తకములు కూడ కలవు. కావ్యము చదువ వచ్చిన సోదరులు మాఱుచోటికి పోవునపుడు వానిని కూడ ఒక్కసారి తెఱచి చూడవలెనని, అక్కచెల్లెండ్రు వానిని ఇంటికి గొనిపోవలెనని నా ప్రార్థన. ఇట్టి పుస్తకములు అందుబాటులో నుంచిన ఈ విద్యాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక. ఆనాటి సంచికలో కూటి లెక్క వ్రాయువానికి, మన గ్రామమున చివర తినువారి విస్తరిలో కూడ పప్పు మిగిలినదని వ్రాయు భాగ్యము కలుగుగాక.